బహిరంగోపన్యాసం (దక్షిణాసియా)

రాజకీయాల మీదో, చరిత్ర మీదో, సంఘంలోని చెడుగుల మీదో ఒకరు లేచి మాట్లాడటం, కులం, మతం, పిలుపు చూడకుండా వచ్చినవాళ్లంతా కూర్చుని వినడం భారత ఉపఖండంలో మరీ పాత ఆచారమేమీ కాదు. దీని వయసు సుమారు రెండు వందల ఏళ్లు. పురాణ కాలక్షేపం, హరికథ, మసీదులో ఖుత్బా అంతకు ముందునుంచే ఉన్నాయి. అయితే అక్కడ ఎవరు చెప్పాలో, ఏది చెప్పాలో సంప్రదాయమే నిర్ణయించేది. ఉపన్యాస వేదిక ఆ కట్టు విప్పింది. ఈ చరిత్రను గొప్ప వక్తల వరసగా చెప్పడం రివాజు. కానీ ఉపన్యాసం ఎంత దూరం వెళ్లిందన్నది వక్త గొంతు కన్నా ఆయన పక్కన నిలబడి తర్జుమా చేసినవాడి మీద, సభకు అనుమతి ఇచ్చే అధికారి మీద, ముందు వరసలో కూర్చుని రాసుకునే పోలీసు మీద ఎక్కువగా ఆధారపడింది.

తొలి వేదికలు

కలకత్తా హిందూ కళాశాలలో పాఠం చెప్పే హెన్రీ డెరోజియో 1828లో అకడమిక్ అసోసియేషన్ పెట్టి విద్యార్థుల చేత దేవుడు, విధి, స్త్రీ విద్య వంటి విషయాలపై వాదనలు చేయించాడు. 1851లో వెలసిన బెథూన్ సొసైటీలో పండితులు వ్యాసం రాసుకొచ్చి చదివేవారు. దాదాభాయి నౌరోజీ భారతదేశపు సంపద ఇంగ్లండుకు తరలిపోతోందన్న వాదాన్ని మొదట వినిపించింది కూడా ఇలాంటి సభలోనే. అది 1867లో లండన్‌లో, ఈస్టిండియా అసోసియేషన్ వేదిక మీద జరిగింది. పుణెలో మహాదేవ గోవింద రనడే 1875లో మొదలుపెట్టిన వసంత వ్యాఖ్యానమాల ప్రతి ఏటా వేసవిలో ఉపన్యాసాల పరంపర నడిపే ఆనవాయితీకి నాంది పలికింది. ఆ కాలంలోనే సురేంద్రనాథ్ బెనర్జీ సిక్కుల చరిత్ర, ఇటలీ దేశభక్తుడు మాజినీ గురించి చెప్పిన ఉపన్యాసాలకు కలకత్తా విద్యార్థులు విరగబడ్డారు. చరిత్ర పేరుతో వర్తమాన రాజకీయం మాట్లాడే విద్య అప్పుడే అలవడింది. ఇప్పటికీ వక్తలు దాన్ని వదల్లేదు.

వీటిలో చాలావరకు ఇంగ్లీషులో, చదువుకున్న కొద్దిమంది కోసం నడిచినవి. దేశభాషల్లో ఉపన్యాసం వేరే దారిన వచ్చింది. తమిళ దేశంలో ఆ దారి క్రైస్తవ ప్రచారకుల ప్రసంగాల మీదుగా సాగింది. జాఫ్నాలో మిషనరీల దగ్గర పనిచేసిన ఆరుముగ నావలర్ ఆ పద్ధతినే పుణికిపుచ్చుకుని 1847లో వణ్ణార్‌పణ్ణై శివాలయంలో శైవ ప్రసంగాలు మొదలుపెట్టాడు. మిషనరీలకు వాళ్ల ఆయుధంతోనే జవాబు చెప్పాడన్నమాట. తెలుగులో ఈ పని సంఘ సంస్కరణ చేసింది. కందుకూరి వీరేశలింగం 1879లో రాజమండ్రిలో వితంతు వివాహంపై ఉపన్యసించి, దాన్ని అచ్చువేయించి పంచారు. పండితులు ఖండనలు రాశారు, ఆయన మళ్లీ సభ పెట్టి సమాధానం చెప్పారు. రెండేళ్లు తిరిగేసరికి, 1881 డిసెంబరు 11న, ఆయన ఇంట మొదటి వితంతు వివాహం జరిగింది. మాట చేతగా మారడానికి ఇంత తక్కువ కాలం పట్టిన సందర్భాలు ఈ చరిత్రలో అరుదు.

1907 వేసవి

వందేమాతరం ఉద్యమకాలంలో బెంగాల్ నేత బిపిన్ చంద్ర పాల్ మద్రాసు రాష్ట్రంలో చేసిన పర్యటన ఈ చరిత్రలో పెద్ద మలుపు. ముట్నూరి కృష్ణారావు పూనికతో పాల్ ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం తిరిగి మద్రాసు చేరారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషు, జనంలో అత్యధికులకు ఆ భాష రాదు. రాజమండ్రిలో ఆ ఉపన్యాసాలను తెలుగు చేసినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. అప్పటికే నవలా రచయితగా, నాటకకర్తగా పేరు మోసిన మనిషి కావడంతో ఆయన అనువాదం మాటకు మాటగా ఆగలేదు. ఆ సభలోనే భారతదేశాన్ని పాడియావుగా, తెల్లవారిని దాని పాలు పితికే గొల్లవారుగా చిత్రించే పద్యం ఆశువుగా చెప్పారు. పాల్ రాజమండ్రిలో ఏం మాట్లాడారో గుర్తున్నవారు నేడు దాదాపు లేరు. ఆ పద్యం మాత్రం పాఠ్యపుస్తకాల దాకా వెళ్లింది.

పర్యటన వదిలిన ప్రకంపనలు తక్కువవి కావు. వందేమాతరం బిళ్లలు తగిలించుకుని తరగతులకు వచ్చిన రాజమండ్రి విద్యార్థులపై ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వేటు వేశాడు. అలా చదువు పోగొట్టుకున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు మరుసటి ఏడాది 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లారు. మచిలీపట్నంలో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలవడానికీ ఆ ఉపన్యాసాలు రగిల్చిన ఉత్సాహం ఒక కారణం. మద్రాసు తిరువల్లిక్కేణి సముద్రపుటొడ్డున మే నెలలో వేలమంది పాల్ మాటలు విన్నారు. హాలులోంచి ఇసుకలోకి రావడంతో ఎవరు వినవచ్చునన్న ప్రశ్నే పోయింది. ఇంతలో లాలా లజపతిరాయ్‌ను పట్టుకుని మాండలేకు పంపించారన్న వార్త వచ్చింది. పాల్ మిగిలిన ఉపన్యాసాలు మానుకుని వెనుదిరిగారు.

ప్రభుత్వం అదే మే నెలలో ఒక ఆర్డినెన్సు, నవంబరులో రాజద్రోహ సభల నిరోధక చట్టం తెచ్చింది. దాని ప్రకారం ప్రకటిత ప్రాంతాల్లో ఇరవైమందికి మించి కూడితే దాన్ని బహిరంగ సభగా భావించేవారు. ముందుగా నోటీసు ఇవ్వకుండా సభ జరపడం నేరంగా ఉండేది. 1908లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లై, సుబ్రహ్మణ్య శివ మిల్లు కార్మికులతో తమిళంలో మాట్లాడినప్పుడు, పోలీసులు రాసుకున్న నివేదికలే కోర్టులో సాక్ష్యమయ్యాయి. పిళ్లైకి ద్వీపాంతరవాస శిక్ష పడింది. నాటి దేశభాషా ఉపన్యాసాలు ఈరోజు మనకు దొరుకుతున్నాయంటే ఆ పోలీసు కాగితాల పుణ్యం చాలా ఉంది. చరిత్రకారులు వాటిని అనుమానంతోనే చదవాలి, కానీ చదవక తప్పదు.

గాంధీ యుగంలో అనువాదకుడు సభకు విడదీయరాని భాగమయ్యాడు. ఆంధ్రలో గాంధీ హిందీ, ఇంగ్లీషు మాటలను కొండా వెంకటప్పయ్య తెలుగులో చెప్పేవారు. లౌడ్‌స్పీకర్లు వచ్చాక గొంతు బలం అవసరం తగ్గింది, కూటముల పరిమాణం అమాంతం పెరిగింది.

నిజాం రాజ్యంలో

హైదరాబాదు సంస్థానంలో పరిస్థితి వేరు. అక్కడ గొడవ ఏం మాట్లాడారన్న దాని మీద కాక, ఏ భాషలో మాట్లాడారన్న దాని మీద మొదలైంది. 1921 నవంబరులో వివేకవర్ధిని విద్యాసంస్థలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభికులు శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో అందుకోగానే ఈలలు, కేకలతో ఆయనను కూర్చోబెట్టారు. ఆ అవమానం సహించలేని తెలుగువారు అదే రాత్రి టేకుమాల రంగారావు ఇంట కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. అది పెరిగి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ అయింది, తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ మహాసభే తొలి వేదిక. ఒక ఉపన్యాసం ఆగిపోవడం వల్ల ఇంత జరిగింది.

గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే అనుమతి తీసుకోవలసి వచ్చేది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి మహాసభ ఆ కట్టుబాట్ల నడుమనే జరిగింది. రాజకీయం జోలికి పోకుండా చదువు, గ్రంథాలయాలు, సంఘ సంస్కరణ మాట్లాడుకుంది. మరోవైపు, 1929 జనవరిలో మద్రాసులో ఇస్లాం మతచింతనపై ఉపన్యసించిన కవి ఇక్బాల్ హైదరాబాదులోనూ వాటిని వినిపించారు.

ఇవ్వని ఉపన్యాసం

ఈ ఉపఖండంలో అత్యధికంగా చదివిన ఉపన్యాసాల్లో ఒకటి ఏ వేదిక మీదా వినిపించలేదు. లాహోరులోని కుల వ్యతిరేక సంఘం జాత్‌పాత్ తోడక్ మండల్ 1936 సభకు అధ్యక్షుడిగా బి.ఆర్. అంబేడ్కర్‌ను ఆహ్వానించింది. ముందే ప్రతి తెప్పించుకుని చూసి, శాస్త్రాల ప్రామాణ్యాన్ని తోసిపుచ్చే భాగాలకు జంకింది. అంబేడ్కర్ ఒక్క కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. ఆయన 'కుల నిర్మూలన'ను సొంత ఖర్చుతో 1500 ప్రతులు వేసి ఎనిమిది అణాలకు అమ్మారు. రెండో కూర్పులో గాంధీ విమర్శ, దానికి తన జవాబు చేర్చారు. మండల్ వేదిక ఇచ్చి ఉంటే ఇంత మంది చదివేవారా అన్నది ఆలోచించదగ్గ ప్రశ్న.

ఢాకా

హైదరాబాదులో లాగే భాష పేరిట సభ తిరగబడ్డ మరో ఉదాహరణ తూర్పు బెంగాల్‌ది. 1948 మార్చి 21న ఢాకా రేస్‌కోర్సులో, 24న కర్జన్ హాలులో మహమ్మదలీ జిన్నా పాకిస్తాన్‌కు ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించారు. కర్జన్ హాలులో విద్యార్థులు ఆయన ముఖం మీదే కాదన్నారు. 1971 మార్చి 7న అదే రేస్‌కోర్సులో షేక్ ముజిబుర్ రహమాన్ బెంగాలీలో ఇరవై నిమిషాల లోపే మాట్లాడారు. ఆ ఉపన్యాసాన్ని ప్రసారం చేయవద్దని పైనుంచి ఆదేశం రావడంతో ఢాకా రేడియో సిబ్బంది పని ఆపేశారు, దాంతో మర్నాడు పొద్దున ప్రసారం కాక తప్పలేదు. 2017లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

స్వాతంత్ర్యానంతరం

స్మారకోపన్యాసాలు ఎన్నో వెలిశాయి. ఆకాశవాణి 1955లో రాజగోపాలాచారితో పటేల్ స్మారకోపన్యాసాలు ప్రారంభించింది. ఇవి తరచు మర్యాదస్తుల వ్యవహారం. వేడి చిన్న హాళ్లలోనే ఉంది. తెలంగాణ వాదానికి అంకెలు సమకూర్చిన ఆచార్య జయశంకర్, మానవహక్కులపై మాట్లాడిన కె. బాలగోపాల్ (మరణం 2009) ప్రభావం చూపింది జిల్లా కేంద్రాల్లోని అలాంటి సభల్లోనే. బాలగోపాల్ ప్రసంగాలను శ్రోతలే రికార్డు చేసి, తర్వాత అక్షరబద్ధం చేశారు. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్ ఇలాంటి సభలకు అలవాటైన చోట్లు.

మాట్లాడటానికి చెల్లించే మూల్యం మాత్రం తగ్గలేదు. 2015 ఏప్రిల్‌లో లాహోరులోని ఒక విశ్వవిద్యాలయంలో రద్దయిన బలూచిస్తాన్ చర్చను సబీన్ మహమూద్ కరాచీలో తన టీటూఎఫ్ కేంద్రంలో జరిపించారు. 24వ తేదీ రాత్రి సభ ముగించుకుని ఇంటికి వెళ్తుండగా ఆమెను కాల్చి చంపారు. ఢిల్లీ జెఎన్‌యూలో 2016లో విద్యార్థుల అరెస్టుల తర్వాత అధ్యాపకులు పరిపాలనా భవనం మెట్ల ముందు జాతీయతపై ఆరుబయట వరసగా ఉపన్యాసాలు ఇచ్చారు. వాటి వీడియోలు ఇంటర్నెట్టులోకెక్కాయి, ఆపై ఆ ఉపన్యాసాలు పుస్తకంగానూ వచ్చాయి. నేడు భారతదేశంలో గుంపు చేరడాన్ని నిషేధించే పాత నేర విచారణ స్మృతిలోని 144వ సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి కొత్త స్మృతిలోని 163వ సెక్షన్ అమలవుతోంది.