దశావతార పేకలు: ఆటలో పాత్రల పెంపు

ఖరగ్‌పూర్ కూడలి నుండి దక్షిణంగా సాగే ఇనుపదారి ఒడిశాను దాటి ఆంధ్రదేశానికి చేరుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఆ దారినే అనేక తెలుగు కుటుంబాలు వచ్చి, ఈ రైలుపట్టణంలో స్థిరపడినవి. ఉత్తరంగా బాంకురా వైపు పోయే మరొక దారిపై విష్ణుపురం ఉన్నది. మల్లరాజుల రాజధానియైన ఆ ఊరు మట్టియిటుకల దేవాలయాలకే గాక, గుండ్రని పేకముక్కలకు కూడా ప్రసిద్ధి. పాతగుడ్డను చింతగింజల జిగురుతో పొరలుపొరలుగా అతికి, సుద్ద పూసి, ఆరబెట్టి, దానిపై దశావతారాలను చిత్రించడం అక్కడి ఫౌజ్‌దార్ వంశీయుల పరంపరాగతమైన విద్య. ఈ ముక్కలను చిత్రకళగా మెచ్చుకొన్నవారు పెక్కుమంది. ఒక ఆటలో ఎన్ని పాత్రలు ఉండవలెను, క్రొత్త పాత్రను ఎందుకు చేర్చవలెను అనే ప్రశ్నకు ఇవి ఒక సమాధానమని గుర్తించినవారు మాత్రం తక్కువ.

గంజీఫా అనే ఈ ఆట మన దేశంలో ప్రవేశించిన కాలానికి బాబరు స్వీయచరిత్ర సాక్ష్యమిస్తున్నది. 1527లో ఆయన సింధు పాలకుడైన షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినాడు. అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో పన్నెండు రంగుల, అనగా 144 ముక్కల ఆటను వర్ణించినాడు. ఆ రంగులకు అధిపతులు పన్నిద్దరు రాజులు. అశ్వపతి బలం గుర్రాలలో, గజపతి బలం ఏనుగులలో, నరపతి బలం కాల్బలంలో ఉన్నది. దుర్గపతికి కోటలు, ధనపతికి బొక్కసం, నౌకాపతికి ఓడలు ఆధారాలు. రాయవాచకం చదివిన తెలుగువారికి మొదటి ముగ్గురూ పరిచితులే. ఢిల్లీ అశ్వపతి, కటకపు గజపతి, విజయనగరపు నరపతి అనే మూడు సింహాసనాల భావన ఇచ్చట పేకముక్కల మీదికి ఎక్కినది. శక్తికి మూలమేదో దానినిబట్టి పాత్రను వేరుచేయడం ఈ కూర్పులోని సూత్రం.

అయితే ఈ భేదం చాలవరకు చిత్రానికే పరిమితం. ఏ రంగులోనైనా ఒక రాజు, ఒక మంత్రి, పది అంకెముక్కలు. గజపతి చేయగలిగినదే అశ్వపతియు చేయును. ఆటకు సంబంధించిన నిజమైన భేదాలు రెండే. సగం రంగులలో మంత్రి తరువాత పది గొప్పది. తక్కిన సగంలో ఒకటి గొప్పది. ఎనిమిది రంగుల మొగలాయీ ఆటలో పగలు ఎఱ్ఱబంగారు రంగు రాజు ఉన్నవాడు, రాత్రి తెల్లవెండి రంగు రాజు ఉన్నవాడు ఆట మొదలుపెట్టవలెను.

ఆ మొగలాయీ ఆటలోని కిరీటం, ఖడ్గం, దస్తావేజు, దాసుడు మొదలైన గుర్తులు దర్బారు జీవితానికి చెందినవి. గ్రామీణులకు వాటితో చుట్టరికం లేదు. దశావతార గంజీఫాలో ఆ ఎనిమిదింటి స్థానంలో పది రంగులు, 120 ముక్కలు వచ్చినవి. చేప కనబడితే మత్స్యం, గొడ్డలి కనబడితే పరశురాముడు, నాగలి కనబడితే బలరాముడు. అక్షరం రానివాడు కూడా రంగును పోల్చుకొనగలడు. విష్ణుపురంలో బుద్ధుని స్థానాన్ని జగన్నాథుడు ఆక్రమించినాడు. ఒడిశాలో ఈ ఆట గంజపా అయి, వినాయకుని, కార్తికేయుని చేర్చుకొని పన్నెండు రంగులకు పెరిగినది. ఇట్టి పెంపు ఏ శాసనంతోనూ జరిగినది కాదు. ఆడేవారి భక్తి, పరిచయం దానిని కోరినవి.

దీనికి భిన్నమైన ఉదాహరణ మైసూరు. మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) తన ‘శ్రీతత్త్వనిధి’లో అనేక క్రొత్త పేకాటలను కల్పించినాడు. అందులో చాముండేశ్వరీ ఛాద్‌కు 320 ముక్కలు. పాండిత్యానికి లోటు లేదు, కళకు లోటు లేదు. కాని ఆ ఆటలు రాజమందిరం గడప దాటి జనంలో వ్యాపించలేదు. పాత్రల సంఖ్య జ్ఞాపకశక్తిని మించినప్పుడు, ఆటలో గౌరవం మిగులును గాని ఆడేవారు మిగలరు.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ సమస్యనే మరొక దారిలో ఎదుర్కొన్నది. బల్లచుట్టూ కూర్చొని పాత్రలు ధరించి కథ నడిపే ఆ క్రీడలో మొదట పాత్రవర్గాలు మూడే: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. ఆర్నెసన్ బృందంలో ఒక ఆటగాడు రక్తపిశాచియై మితిమీరి ప్రబలగా, అతనిని అదుపు చేయుటకు పురోహితవర్గం పుట్టినదని చెప్పుదురు. 1975 అనుబంధాలలో దొంగ, సన్యాసి, హంతకుడు వచ్చినారు; 1976లో డ్రూయిడ్ వచ్చినాడు. ఇక్కడ వర్గభేదం బొమ్మలో కాదు, సామర్థ్యంలో ఉన్నది. కనుక ఒక్కరి రాక తక్కినవారిని కూడా మార్చును. తాళం తీయడం దొంగవిద్యగా నిర్ణయించిన పిమ్మట, అంతవరకు తాళంపై చేయి వేసిన యోధుడు వెనుదీయవలసి వచ్చినది. 1989 నాటి రెండవ కూర్పు హంతకుని, సన్యాసిని మూలగ్రంథం నుండి తొలగించి, మిగిలినవారిని నాలుగు కుటుంబాలుగా సర్దినది. చేర్చుట ఎంత అవసరమో కుదించుట కూడా అంత అవసరమైనది.

ఈ చరిత్రల వలన ఒక విషయం తేటపడుచున్నది. ఆటలోని పాత్రకు రూపమిచ్చునది చిత్రకారుడు, శక్తినిచ్చునది నియమం, ప్రాణమిచ్చునది ఆటగాడు. అమెరికా క్రీడలో ఈ మూడూ కలిసియున్నవి. విష్ణుపురంలో మొదటిది నిలిచియున్నది గాని, మూడవది సన్నగిల్లినది. నేడు అక్కడి ముక్కలను కొనువారిలో ఎక్కువమంది వాటిని గోడకు అలంకరింతురు. పంచి ఆడువారు అరుదు. పటం కట్టిన పరశురాముడు ఎవరినీ గెలువడు, ఎవరికీ ఓడడు. కళను కాపాడవలెనని తలచువారు ముక్కలతోపాటు వాటి నియమాలను కూడా పిల్లలకు అప్పగించిననాడే, పది అవతారాలు పది రంగులుగా మరల కదలాడగలవు.