డిజైన్ ప్యాటర్న్‌ల అధ్యయనం: లక్ష్య-లక్షణ క్రమంపై ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

లక్షణ గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ఒక క్రమం తెలిసిందే. కావ్యాలు ముందు పుడతాయి. వాటిలో పదేపదే కనిపించే విశేషాలకు లాక్షణికుడు తరువాత పేరు పెట్టి, నిర్వచించి, ఉదాహరణ చూపుతాడు. విద్యార్థిని చేరేసరికి ఈ క్రమం తరచుగా తలకిందులవుతుంది. లక్షణం కంఠస్థమవుతుంది, లక్ష్యం అపరిచితంగానే మిగిలిపోతుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో డిజైన్ ప్యాటర్న్‌ల అధ్యయనం కూడా ఇదే దారిన నడిచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సమాచారాన్నీ, దానిపై జరిగే పనులనూ ఆబ్జెక్ట్‌లనే భాగాలుగా కూర్చి ప్రోగ్రాం రాసే పద్ధతిలో కొన్ని రూపకల్పన సమస్యలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. అలాంటి సమస్యకు అనుభవంలో నిగ్గుదేలిన పరిష్కారాన్ని, అది ఎప్పుడు తగినదో, దానివల్ల కలిగే నష్టమేమిటో కూడా చెబుతూ, ఒక పేరుతో నమోదు చేస్తే అది డిజైన్ ప్యాటర్న్.

ఇళ్ళ నుంచి తెరల మీదికి

ఈ భావన కంప్యూటర్ శాస్త్రంలో పుట్టలేదు. వియన్నాలో జన్మించి, బర్క్‌లీలో బోధించిన వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్ 1977లో సహచరులతో కలిసి ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ ప్రచురించాడు. అందులో పట్టణాల నుంచి గదుల వరకు 253 ప్యాటర్న్‌లున్నాయి. ప్రతిదానికీ ఒక పేరు, సందర్భం, సమస్య, చర్చ, ‘కాబట్టి’ అనే మాటతో మొదలయ్యే పరిష్కారం ఉంటాయి. కొన్ని పేర్ల పక్కన రెండు నక్షత్ర గుర్తులు, కొన్నింటి పక్కన ఒకటి కనిపిస్తాయి. కొన్నింటికి అదీ లేదు. తన పరిష్కారం మీద తనకు ఎంత నమ్మకముందో రచయిత అలా సూచించాడు. లాక్షణికులలో ఇంతటి నిజాయితీ అరుదు. ఆ గ్రంథం ఉద్దేశించిన పాఠకులు నిపుణులు మాత్రమే కారు. తమ ఇంటిని తామే రూపొందించుకోదలచిన సామాన్యులు కూడా.

కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ 1987లో ఓర్లాండోలో జరిగిన ఊప్‌స్లా సదస్సుకు సమర్పించిన పత్రం ఈ ఉద్దేశాన్ని సరిగ్గా పట్టుకుంది. టెక్ట్రానిక్స్ సంస్థలో ఒక ప్రాజెక్టు రూపకల్పన ముందుకు సాగనప్పుడు, వారు స్మాల్‌టాక్ భాషకు తగిన ఐదు ప్యాటర్న్‌లు రాసి, తెరల రూపకల్పనను ఆ ప్రోగ్రాం వాడబోయేవారి ప్రతినిధులకే అప్పగించారు. ఒక్కో పనికి ఒక్కో విండో ఉండాలన్నది వాటిలో మొదటిది. భాషా విద్యార్థికి నాలుగోదాని పేరు ఆసక్తికరం: ‘నామవాచకాలు, క్రియలు’. నిలిచి ఉండే వస్తువులు జాబితాలలోకి, అప్పటికప్పుడు జరిగే పనులు మెనూలలోకి వెళ్ళాలని దాని సారాంశం.

నలుగురి గ్రంథం

ఎరిక్ గామా 1991లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం తదుపరి మలుపు. ఆయన, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ విలిసైడ్స్ కలిసి రాసిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ 1994లో వెలువడింది. అందులో 23 ప్యాటర్న్‌లున్నాయి: సృష్టికి సంబంధించినవి 5, నిర్మాణానికి 7, ప్రవర్తనకు 11. వీటిని ఆ నలుగురు కల్పించలేదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాంలలో గుర్తించారు. ఉదాహరణకు అబ్జర్వర్‌ను చూద్దాం. ఒకే అంకెల పట్టికను తెరపై రెండు రకాల చిత్రాలుగా చూపుతున్నప్పుడు, అంకె మారితే చిత్రాలు రెండూ మారాలి. అయినా ఏ చిత్రాలు తనను గమనిస్తున్నాయో వివరంగా తెలుసుకునే భారం పట్టికపై పడకూడదు. స్మాల్‌టాక్ ప్రోగ్రాంలలో ఈ ఏర్పాటు అంతకుముందే ఉంది. ప్రతి ప్యాటర్న్ కింద ‘తెలిసిన ప్రయోగాలు’ అనే విభాగం చేర్చి, రచయితలు లక్ష్యాలను పేరుపేరునా చూపారు.

అదే ఏడాది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదలైన ప్లాప్ సదస్సులు సాహిత్య రంగం నుంచి ఒక పద్ధతిని అరువు తెచ్చుకున్నాయి. రచనను ఇతరులు చర్చిస్తుండగా రచయిత మౌనంగా వినాలి. మన గోష్ఠులలోనూ ఈ నియమం అమలైతే చాలా సమయం మిగిలేది!

క్రమభంగం

‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథంలో జాబితా మూడో అధ్యాయంలో గాని మొదలుకాదు. రెండో అధ్యాయమంతా లెక్సీ అనే డాక్యుమెంట్ ఎడిటర్ రూపకల్పన కథ. సమస్య తలెత్తిన చోటే ప్యాటర్న్ ప్రవేశిస్తుంది. తరువాతి బోధన మాత్రం ఈ అధ్యాయాన్ని దాటవేసి జాబితాకే పరిమితమైంది. ఇంజనీరింగ్ పరీక్షలలో నిర్వచనం, పటం, ప్రయోజనాలు రాస్తే మార్కులు వస్తాయి. సమస్యే లేని చోట ప్యాటర్న్‌ను అతికించే అలవాటుకు ఈ బోధనే ఒక ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఒక క్లాస్‌కు ఒకే ఆబ్జెక్ట్ ఉండేలా చూసే సింగిల్టన్ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. నేర్చుకోవడం తేలిక గనుక అది అవసరానికి మించి వ్యాపించింది. జాబితాను సవరిస్తే దాన్ని తొలగించడానికే మొగ్గుతానని గామా స్వయంగా 2009లో ఒక సంభాషణలో చెప్పాడు.

మరో విమర్శ భాష వైపు నుంచి వచ్చింది. ఆ 23లో 16 ప్యాటర్న్‌లు డైనమిక్ భాషలలో సరళమవుతాయని, లేదా కనిపించకుండానే పోతాయని పీటర్ నార్విగ్ 1996లో చూపాడు. అంటే వాటిలో కొన్ని ఆయా భాషల కొరతలను పూరించే ఏర్పాట్లే. ఛందస్సు మారితే యతినియమం మారినట్లు, భాష మారితే ప్యాటర్న్ అవసరమూ మారుతుంది. జాబితానే శాస్త్రంగా చదివిన విద్యార్థికి ఈ సాపేక్షత అందదు.

లక్ష్యాన్ని మళ్ళీ ముందుకు తెచ్చిన ప్రయత్నాలలో జాషువా కెరీవ్‌స్కీ 2004లో ప్రచురించిన ‘రీఫ్యాక్టరింగ్ టు ప్యాటర్న్స్’ ముఖ్యమైనది. ఇక్కడ ప్రారంభం నిర్వచనం కాదు, అప్పటికే పనిచేస్తున్నా సవరించడానికి కష్టమైన కోడ్. దాన్ని చిన్న చిన్న అడుగులలో మారుస్తూ పోతే ప్యాటర్న్ అవసరమైన మేరకే రూపుదిద్దుకుంటుంది. మధ్యలో ఆగిపోవచ్చు, వెనక్కి కూడా రావచ్చు. సింగిల్టన్‌ను తీసివేసే పద్ధతికి కూడా ఆ గ్రంథంలో ఒక పేరూ, సోదాహరణ వివరణా ఉన్నాయి.