తనఖా: జీతం జారిపోయిన మాట

హైదరాబాదులో ఇల్లు కొనే హిందీవాళ్లకు బ్యాంకులో ‘తనఖా’ అన్న మాట వినపడగానే జీతం గుర్తొస్తుంది. వాళ్ల తప్పేం లేదు. పారసీలో ‘తన్’ అంటే ఒళ్లు, ‘ఖ్వాహ్’ అంటే కోరేది. రెండూ కలిసిన తన్‌ఖ్వాహ్ హిందీ, ఉర్దూల్లో నేటికీ జీతమే. మొగలాయీల కాలంలో జీతానికి బదులు భూమి శిస్తు వసూలు చేసుకునే హక్కు ఇచ్చేవారు, దాన్ని తన్‌ఖ్వా జాగీరు అనేవారు. రావలసిన సొమ్ముకు భూమిని చూపించడమన్న ఆ సంబంధమే తెలుగులో నిలిచి, జీతం జారిపోయినట్టుంది. ఈమధ్య పత్రికలు తనఖానూ తాకట్టునూ కలిపేస్తున్నాయి. నగ తాకట్టు పెడితే నగే షావుకారు పెట్టెలోకి పోతుంది; ఇల్లు తనఖా పెడితే మామూలుగా మనం అందులోనే ఉంటాం, కాగితాలు పోతాయి. నోటిఫై చేసిన పట్టణాల్లో ఒరిజినల్ దస్తావేజులు అప్పగించి అప్పు తీసుకోవడమూ తనఖాయేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షను చెబుతుంది.

ఇక్కడే వకీలు అవసరం. అరబ్బీలో ఆ మాటకు ‘తరఫు మనిషి’ అని అర్థం. బ్యాంకు ప్యానెల్ లాయరు బ్యాంకు తరఫు మనిషి. కొనేవారు తమ వకీలును వేరుగా పెట్టుకుని లింకు దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపించుకోవాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలని, తమవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అడిగి తీసుకోండి.