బండియిరుసున ఆముదము

శరీరమునకు నూనె యంటుకొనుటవలని గుణమును చెప్పుచు చరకసంహిత సూత్రస్థానమున మూడు దృష్టాంతములు చూపబడినవి: నూనె పీల్చిన కుండ, నూనెతో మర్దించిన తోలు, నూనె వేసిన బండియిరుసు. ఈ మూడును గట్టిపడి శ్రమకు తాళునట్లే దేహమును తాళునని గ్రంథకర్త భావము. బౌద్ధుల సంయుత్తనికాయమునను ఇట్టి పోలికయే కలదు; బండివాడు బరువును గమ్యము చేర్చుటకు మాత్రమే ఇరుసునకు నూనె వేయునట్లు, భిక్షువు దేహయాత్ర సాగుటకు మాత్రమే అన్నము భుజింపవలెనట. వినువారికి నిత్యపరిచితమైన దానినే ఉపమానముగా గ్రహించుట ఉపదేశకుల లక్షణము గనుక, ఇరుసునకు స్నేహద్రవ్యము పూయుట ఆ కాలమునకే ఊరూర కనబడు పనియై యుండెనని మనము నిశ్చయింపవచ్చును. మన దేశమున యంత్రచరిత్ర వ్రాయదలచువారు శిల్పగ్రంథములనే గాక వైద్యగ్రంథములను గూడ తిరుగవేయవలెనని నా మనవి.

తెలుగునాట ఇరుసునకు అలవాటైన నూనె ఆముదము. నువ్వులనూనె వంటకును దేవుని దీపమునకును పోగా, వాననే నమ్ముకొన్న ఎఱ్ఱచెల్కలలోను, గట్లమీదను, పెరటిమూలలను పెరుగు ఆముదపుచెట్టు ఇంటిదీపమునకు, పసిబిడ్డకు, తలకు, తోలుసామానునకు, బండికి నూనె నిచ్చుచుండెను. ఇంట తీయు వంటాముదమునకు గింజలను దోరగా వేచి, రోట మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్లలో కాచుదురు; పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, నీటిచెమ్మ యిగురువఱకు సన్నని సెగను మరల కాచి దింపుదురు. బండి కంత శుద్ధమైనది అక్కఱలేదు. గానుగలో ఆడించిన ముతకాముదమే చాలును. అయితే ఉత్త ఆముదము ఇరుసున నిలువక కారిపోవును గనుక, రైతు గడ్డిని కాల్చి, అది తెల్లని బూడిద కాకమునుపే ఆర్పి, ఆ నల్లని మసిని నలిపి ఆముదమున కలిపి, వ్రేళ్లసందున సాగునంత చిక్కగా కందెన చేసికొనెను. దానిని వెదురుగొట్టమున నింపి బండిక్రింద వ్రేలాడగట్టి, దూరప్రయాణమునకు బయలుదేరునపుడు చీల యూడదీసి, చక్రమును కొంత వెలికి లాగి, ఇరుసుకొనకు చుట్టును పట్టించి, మరల చక్రమును త్రోసి చీల బిగించెడివాడు. ఈ పనిని మఱచిన సోమరి యెడల మన పల్లెవారికి జాలి లేదు; కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని ఎత్తిపొడిచిరి. ఆ సంగీతమునకు వెల చెల్లించునది మాత్రము ఎడ్లమెడలును, అరిగిపోవు చక్రనాభియును.

ఆముదమే యేల, నువ్వులనూనె యేల కాదు? రసాయనశాస్త్రము పుట్టకమునుపు రైతు దీనిని చేతితో తెలిసికొనెను. రెండునూనెలను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి రుద్దినచో ఒకటి జారిపోవును, ఒకటి పట్టుకొని సాగును. శాస్త్రజ్ఞులు ఆ తేడాకు లెక్క కట్టిరి: 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఆముదపు చిక్కదనము తక్కిన వంటనూనెల చిక్కదనమునకు ఆరేడు రెట్లు. కారణమును వారే కనుగొనిరి. ఆముదమునందలి కొవ్వుఆమ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్లవఱకు రిసినోలిక్ ఆమ్లము. పదునెనిమిది కర్బనపరమాణువుల ఆ గొలుసున పండ్రెండవదానిని అంటి ఆమ్లజని ఉదజనుల జంట యొకటి కలదు. ఈ జంటలు ఒండొంటి నాకర్షించుటచేత నూనె చిక్కపడును. అంతియే గాక, కొవ్వుఆమ్లపు గొలుసులు ఒక కొనతో లోహమును పట్టి, రెండవకొనను బయటికి చాచి నిలిచి, రెండులోహములు నేరుగ తాకకుండ అడ్డుపడును. ఈ పలుచని పొర చేయు రక్షణను విలియం బేట్ హార్డీ యను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1922 ప్రాంతమున విశదపఱచెను.

పంతొమ్మిదవ శతాబ్దమున ఆవిరియంత్రములును మిల్లులును పెచ్చుపెరిగినపుడు ఐరోపావారికిని మొదట దిక్కైనవి జంతువుల కొవ్వులును, తిమింగలపు నూనెయు, ఆలివు, రేప్ గింజల నూనెలును. రైలుబండి ఇరుసులు కాగి కాలిపోవు బాధను మాన్పుటకై లండనులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ బోషాంప్ టవర్ అను నాతనిచే పరీక్షలు చేయించెను. ఆలివునూనె, రేపునూనె, పందికొవ్వునూనె, ఖనిజనూనె, ఇన్నిటిని అతడు వరుసగ ప్రయోగించి 1883లో ఫలితములు ప్రకటించెను. నూనె పోయుటకై బేరింగునెత్తిన తొలిచిన రంధ్రమునుండి నూనె లోనికి పోవుటకు మాఱుగ పైకి తన్నుకొని వచ్చుచుండెను. బిరడా బిగించిన నెగిరిపోయెను, కొయ్యమేకు దిగగొట్టిన నదియు బయటపడెను. టవర్ విసుగుకొనక, అచ్చట ఒత్తిడి కొలుచు గడియారము నమర్చి చూడగా, బేరింగుపై సగటున పడు ఒత్తిడికి రెట్టింపును మించి ముల్లు తిరిగెను. తిరుగుచున్న ఇరుసు తానే నూనెను ఈడ్చుకొనిపోయి, ఆ నూనెపై బరువంతయు తేలుచున్నదని ఇట్లు బయటపడెను. 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితమును సమకూర్చెను. ఊడిపడిన కొయ్యమేకును అవతల పాఱవేసి తన లెక్కలలో మునిగిపోని టవర్‌కు శాస్త్రలోకము ఎంతయో ఋణపడి యున్నది.

మన దేశపు రైళ్లు తొలినాళ్లలో దీపములకును ఇరుసులకును ఆముదమునే విరివిగా వాడినవి. జార్జ్ వాట్ 1889 మొదలు వెలువరించిన భారతదేశ ఆర్థికోత్పత్తుల నిఘంటువున ఈ నూనెకు పెద్ద చోటే దొరకినది. నైజాము రాజ్యమున నల్లగొండ, మహబూబునగరు సీమల చెల్కలు ఆముదమునకు పేరుపడినవి. కాని 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ త్రవ్వించిన బావిలో భూతైలము పడిన పిమ్మట, చెట్లనూనెల అధికారము క్రమముగ సన్నగిల్లెను. భూతైలము ఎక్కువ జాఱునని కాదు. చవుక, కావలసినంత దొరకును, గాలి తగిలి జిగురుకట్టదు.

అట్టి సమయమున ఆముదమునకు ఆకాశమున కొలువు దొరకినది. పారిస్‌లో సెగ్యాన్ సోదరులు 1908–09లో నిర్మించిన నోమ్ ఇంజనులో తక్కిన ఇంజనులకు విపరీతముగ, నడిమి క్రాంకు కదలక నిలిచియుండ సిలిండర్లన్నియు విమానపు ఱెక్కపంకతో గూడి గిరగిర తిరుగును. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము బోలుక్రాంకుగుండ లోపలిపెట్టెలోనికి వచ్చి, అచ్చటనే నూనెతో తారసిల్లును. భూతైలపు నూనె పెట్రోలులో కరగి పలుచనై కొట్టుకొనిపోవును. ఆముదము పెట్రోలున అంత సులభముగ కరగదు. కావున నోమ్, ఆ తీరువే యైన ల రోన్, క్లెర్జె ఇంజనులన్నియు ఆముదమునే త్రాగెను. ఒకమారు పోసిన నూనె తిరిగి వచ్చుట లేదు. సగము కాలిన నూనె పొగగాను తుంపరగాను వెనుకకు చిమ్మి, చోదకుని ముఖమును, కంటద్దములను, మెడకు చుట్టిన పట్టుగుడ్డను తడిపెను. మొదటి ప్రపంచయుద్ధమున గంటలకొలది ఆ పొగ పీల్చిన యువకులకు కడుపు జాఱుట తప్పకుండెను. శత్రువు తుపాకికి వెఱవని వీరులు మన అవ్వల చిట్కాకు లోబడి విమానము దిగగనే పరుగిడుట చరిత్రకారులు మర్యాదకొఱకు తక్కువగా వ్రాసిన విషయము. 1917లో సాప్‌విత్ కామెల్ విమానమున యుద్ధము చేసిన మన దేశపు చోదకుడు హర్దిత్ సింగ్ మాలిక్‌కు ఆ వాసన తన దేశపు ఇంటిదీపమును జ్ఞప్తికి తెచ్చెనో లేదో గాని, మన పెరటిచెట్టు నూనె వాసనతోనే ఆతడు ఫ్రాన్సు గగనమున విహరించెను.

నౌకానిర్బంధముచే ఆముదము దొరకని జర్మనులు రేపునూనె వంటివానిని విద్యుత్తుతో చిక్కబఱచి వాల్టాల్ అను బదులునూనె చేసికొనిరి. దానితో వారి ఇంజనులు త్వరగ వేడెక్కి మొరాయించెను. యుద్ధమున దిగిన అమెరికా, విమానములకై ఆముదపు పంటను తమ దక్షిణరాష్ట్రములందు వేయించుటకు భారతదేశమునుండి విత్తనములు తెప్పించెను. ఫ్లోరిడా తేమగాలిలో గెలలపై బూడిదరంగు బూజు వ్యాపించి పంట పాడయ్యెను. దానిపై పరిశోధన 1923లో అమెరికాలో వెలువడినది. అదే బూజుతెగులు 1987లో ఆంధ్రప్రదేశమున ఆముదపుచేలను ముంచి, నల్లగొండ, మహబూబునగరు రైతులను కలతపెట్టెను. పూతదశలో పట్టువిడువని ముసురు పట్టినపుడు నేటికిని దానికి లొంగిపోవు చేలు మనకు కలవు.

యుద్ధానంతరము తిరుగుడు ఇంజనులు మూలపడగా, ఆముదమును మోటారు పందెగాండ్రు కొంతకాలము పట్టుకొని వ్రేలాడిరి. ఆ వాడుకతో కథ ముగిసెనని చాలమంది యెంచిరి. కాని పరిశోధకులు భూతైలమునకు లోటైనది గూడ ఒకటి కనిపెట్టిరి: అది లోహమును అంతగా పట్టదు. వెల్స్, సౌత్‌కూంబ్ అను ఇరువురు, ఖనిజనూనెలో కొద్దిపాటి కొవ్వుఆమ్లము కలిపిన ఘర్షణ తగ్గునని 1920 నాటికి చూపిరి. పిమ్మట 1942లో క్లారెన్స్ ఎర్ల్, లిథియపు సబ్బుతో భూతైలమును చిక్కబఱచి, వేడికిని నీటికిని తాళు గ్రీజును చేయుటకు పేటెంటు పొందెను; అనంతరము ఆముదమునకు ఉదజని చేర్చి తీసిన ఆమ్లముతో ఆ సబ్బును చేయుట వాడుకలోనికి వచ్చెను. నేడు లోకమున వాడు గ్రీజులలో అధికభాగము ఈ జాతిదే. జెట్ విమానములు వచ్చినపుడును, వాని తొలి కృత్రిమనూనెలకు మూలమైన సెబాసిక్ ఆమ్లము ఆముదమునుండి తీసినదే. కాగా ఎడ్లబండి కందెనగొట్టమును విడిచి ట్రాక్టరుకు డబ్బాగ్రీజు కొనుకొన్న రైతు, ఆముదమును వదలుకొన్నానని యెంచెనే గాని, ఆ డబ్బాలోని చిక్కదనమునకు అదియే మూలము. తేడా యేమనగా, పూర్వము తన గట్టున పండిన దానిని తానే మసితో మెదిపెను. ఇప్పుడు గింజ మిల్లునకు పోయి, నూనె కర్మాగారమునకు పోయి, డబ్బాయై మరల అతని దుకాణమునకు వచ్చును, నడుమ ప్రతిచేతిలోను కొంత లాభము నిలిచిపోవుచు. 1968లో తొలి ఆముదపు సంకరవంగడమును వెలువరించిన గుజరాతు ఈ వ్యాపారమున నేడు మొదటిస్థానమున నున్నది. చెల్కలలో ప్రత్తి యాక్రమించిన తరువాత తెలంగాణమున ఆముదపుచేల విస్తీర్ణము తగ్గిపోయినను, మహబూబునగరు సీమయందలి పాలెము పరిశోధనాస్థానమువారు క్రొత్త ఆముదపు వంగడములను ఇంకను రైతులకు ఇచ్చుచునే యున్నారు.