కోల్‌కతా వారసత్వ జాబితా: రాసేదెవరు, కొట్టివేసేదెవరు?

1899లో వైస్రాయిగా కలకత్తాకు వచ్చిన లార్డ్ కర్జన్‌కు ఒక వింత పట్టుదల ఉండేది. నామరూపాలు లేకుండా పోయిన పాత ఫోర్ట్ విలియం కోట గోడలు ఎక్కడెక్కడ ఉండేవో వెతికించి, డల్హౌసీ స్క్వేర్ పరిసరాలలో నేల మీద ఇత్తడి గీతలు వేయించాడు, పాలరాతి పలకలు పెట్టించాడు. 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది కూడా ఆయన హయాంలోనే. ఆ మరుసటి ఏడాది బెంగాల్‌ను రెండుగా చీల్చిందీ ఆయనే. కట్టడాల మీద చూపిన శ్రద్ధ ప్రజల మీద చూపలేదన్న విమర్శ ఆనాడే ఉంది.

కర్జన్ నిలిపిన గుర్తులలో హాల్‌వెల్ స్మారకం ఒకటి. 1756లో సిరాజుద్దౌలా సేనలు కోటను పట్టుకున్న రాత్రి ‘బ్లాక్ హోల్’ అనే ఇరుకు గదిలో ఆంగ్లేయ ఖైదీలు ఊపిరాడక మరణించారని హాల్‌వెల్ రాసిన కథనానికి అది రాతి రూపం. మృతుల సంఖ్యను ఆయన బాగా పెంచి చెప్పాడని తరువాతి చరిత్రకారులు తేల్చారు. తొలి స్తంభాన్ని 1821లో కంపెనీ ప్రభుత్వమే తీసివేసింది. కర్జన్ 1902లో దాని నమూనాను పాలరాతితో తిరిగి నిలబెట్టాడు. 1940 జూలైలో దానిని తొలగించాలని సుభాష్ చంద్రబోస్ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ప్రభుత్వం ఆయనను ముందుగానే అరెస్టు చేసింది. అయినా స్మారకాన్ని అక్కడ ఉంచలేక సెయింట్ జాన్స్ చర్చి ఆవరణకు తరలించింది. నేటికీ అది ఆ సమాధుల మధ్యనే ఉంది. ఇక ఆ స్క్వేర్ పేరు ఇప్పుడు బినయ్-బాదల్-దినేశ్ బాగ్. 1930 డిసెంబరు 8న రైటర్స్ బిల్డింగ్‌లోకి చొచ్చుకుపోయి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చి చంపిన ముగ్గురు యువకుల పేర్లవి.

చారిత్రక కట్టడాల గుర్తింపు నిపుణుల వ్యవహారమని, రాజకీయాలకు అతీతమని నమ్మేవారు ఈ ఒక్క కూడలి చరిత్ర చదివితే చాలు. ఏది గుర్తుండాలో నిర్ణయించే అధికారం ఎప్పుడూ పాలకుడి చేతిలోనే ఉంది. స్వాతంత్ర్యం తరువాత పాలకుడు మారాడు, పద్ధతి మారిందా అన్నదే ప్రశ్న.

1960లో కలకత్తా విశ్వవిద్యాలయం తన సెనేట్ హాలును తానే కూల్చుకుంది. హైకోర్టు, జనరల్ పోస్టాఫీసు భవనాలకు రూపమిచ్చిన వాల్టర్ గ్రాన్‌విల్ 1870లలో కట్టిన భవనమది. ఎత్తయిన స్తంభాలతో కాలేజ్ స్ట్రీట్‌కే ముఖం వంటిది. దాని స్థానంలో వచ్చినది శతజయంతి భవనం. నూరేళ్ల చరిత్రను స్మరించుకోవడానికి ఆ చరిత్రకే ఆనవాలైన భవనాన్ని పడగొట్టారన్నమాట! మూడేళ్ల తరువాత, 1963లో, న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను కూల్చారు. అక్కడి ప్రజల ఆగ్రహం ఫలితంగా 1965కల్లా ఆ నగరానికి చారిత్రక కట్టడాల చట్టం వచ్చింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని సమర్థించింది. కలకత్తాలో సెనేట్ హాలు కూలిన తరువాత నగరపాలక చట్టంలో వారసత్వ భవనాల అధ్యాయం చేరడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఆ అధ్యాయం చదవడానికి బాగానే ఉంటుంది. చారిత్రక, వాస్తు, పర్యావరణ కారణాల వల్ల కాపాడదగిన భవనాన్ని కార్పొరేషన్ వారసత్వ భవనంగా ప్రకటించవచ్చు. సలహాకు ఒక పరిరక్షణ కమిటీ ఉంటుంది. 2009లో ప్రచురించిన జాబితాలో భవనాలకు ఒకటి, రెండు-ఎ, రెండు-బి, మూడు అని శ్రేణులు ఇచ్చారు. మొదటి శ్రేణి భవనం వెలుపలి రూపాన్ని ముట్టుకోకూడదు. కిందికి దిగేకొద్దీ వెసులుబాటు పెరుగుతుంది. మూడో శ్రేణికి వచ్చేసరికి భవనాన్ని పడగొట్టి, ఒకప్పుడు ఇక్కడ ఫలానా కట్టడం ఉండేదని ఫలకం పెడితే సరిపోతుంది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. జాబితాలో పేరు ఎక్కడం కన్నా శ్రేణి మారడమే పెద్ద సంగతి. లిటిల్ రస్సెల్ స్ట్రీట్‌లోని పాత కెనిల్‌వర్త్ హోటల్ భవనాన్ని రెండో శ్రేణి నుంచి మూడో శ్రేణికి దించారు, ఆపై అది నేలమట్టమైంది. కమిటీని నియమించేది, జాబితాను రాసేది, శ్రేణిని మార్చేది, కొత్త భవనం ప్లానుకు అనుమతి ఇచ్చేది, అన్నీ ఒకే కార్పొరేషన్. అంతేకాదు, అది స్వయంగా ఆస్తిదారు కూడా. 1907లో జంషెడ్జీ మదన్ స్థాపించిన ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ ఈ దేశపు తొలి శాశ్వత సినిమాహాళ్లలో ఒకటి. చివరికి చాప్లిన్ పేరుతో కార్పొరేషన్ అధీనంలో ఉన్న ఆ హాలును 2013లో కార్పొరేషనే కూల్చింది. వాది, ప్రతివాది, న్యాయమూర్తి ఒక్కరే అయిన చోట తీర్పు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

కేంద్ర ప్రభుత్వానిదీ ఇదే కథ. 1833 నాటి కరెన్సీ బిల్డింగ్‌ను 1990లలో కూల్చడం మొదలుపెట్టింది కేంద్ర ప్రజా పనుల విభాగమే. పని ఆగేలోపు మధ్య గుమ్మటాలు పోయాయి. అటుతరువాత పురావస్తు శాఖ మిగిలిన భాగాన్ని బాగుచేసింది. 2020 జనవరిలో ప్రధాని మోదీ వచ్చి ప్రారంభించారు. బెంగాల్ శాసనసభ ఎన్నికలు ఏడాది దూరంలో ఉన్నాయి.

కార్పొరేషన్ చట్టం భవనాన్ని చూస్తుంది, వీధిని చూడదు. కోల్‌కతా ప్రత్యేకత మహాభవనాలలో కన్నా భవానీపూర్, బకుల్‌బగాన్ వంటి పాడాలలో ఉందని రచయిత అమిత్ చౌధురి 2015 నుంచి వాదిస్తున్నారు. పచ్చని చెక్క రెక్కల కిటికీలు, ఎర్రని సిమెంటు నేల, వీధికి ఆనుకుని కబుర్లకు చోటిచ్చే అరుగు. ఏ మహనీయుడూ పుట్టని ఇళ్లు, ఏ పేరున్న వాస్తుశిల్పీ గీయని ఇళ్లు. జాబితాకు వాటిలో ఏ ఒక్కటీ విడిగా అర్హం కాదు, అన్నీ కలిస్తేనే నగరం. ప్రాంతాలను మొత్తంగా గుర్తించాలని, యజమాని వదులుకున్న నిర్మాణ హక్కును మరోచోట అమ్ముకోనివ్వాలని ఆయన బృందం కోరుతోంది. రెండో కోరిక ముఖ్యమైనది. అన్నదమ్ముల బిడ్డలందరూ వాటాదారులై, నామమాత్రపు అద్దెకు దశాబ్దాల నాటి కిరాయిదారులు ఉన్న ఇంటి యజమానికి ‘మీ ఇల్లు మన సంస్కృతి’ అని చెప్పి కాస్త పన్ను తగ్గిస్తే సరిపోదు. ప్రమోటరు డబ్బుతో తలుపు తడతాడు. ఆ యజమానిని తప్పుపట్టడం నాకు చేతకాదు.

బెంగాల్‌ను విమర్శిస్తూ మనం దర్జాగా కూర్చునే వీలు లేదు. హైదరాబాద్‌లో 1995 నాటి జీవో 542 చారిత్రక భవనాల జాబితాను ప్రకటించింది. కట్టడాలతో పాటు సహజ శిలలను కూడా గుర్తించిన నగరం మనది. బొంబాయి నిబంధనలు వచ్చింది కూడా ఆ ఏడాదే, అంటే ఆ పనిలో మనం కోల్‌కతాకు వెనుకబడి లేము. ఆ రక్షణకు ఆధారమైన 13వ నిబంధనను 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం తొలగించింది. కోల్‌కతాలో ఒక్కొక్క భవనాన్ని ఒక శ్రేణి నుంచి మరో శ్రేణికి దించుతుంటే, ఇక్కడ నిబంధననే తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్ ఉన్నచోట కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది, శంకుస్థాపన కూడా జరిగిపోయింది. పౌరులు కోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టివేసింది.