సైలెన్సరు నట్టు: పుట్టుపూర్వోత్తరములు

ఇంజను నుండి వెలువడు పొగను కారు వెనుకకు గొనిపోవు గొట్టములను, మన మెకానిక్కులు మొదలుకొని తుదివఱకు సైలెన్సరనియే వ్యవహరించు ఆ సామగ్రిని, బిగించు నట్టుబోల్టులకు పరస్పరవిరుద్ధములైన రెండు ధర్మములు కావలెను. ఎంత కాగినను పట్టు సడలరాదు. ఏండ్లు గడచిన పిమ్మట పానా పెట్టి త్రిప్పినపుడు విరుగక విడివడవలెను. మొదటి ధర్మమునకు ఆధారమైన మరను తీర్చుటకు మహాశిల్పులు శతాబ్దకాలము శ్రమించిరి. రెండవదానిని సాధించినది సామాన్యమైన ఇత్తడి నట్టు. నా దృష్టిలో దాని గౌరవము తక్కువది కాదు.

పూర్వము ఏ కర్మాగారపు మర ఆ కర్మాగారమునదే. ఒకచోటి బోల్టునకు వేఱొకచోటి నట్టు పట్టెడిది కాదు. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్‌లే మరలను కచ్చితముగా కోయు లేతు యంత్రమును నిర్మింపగా, ఆయన కర్మాగారమున పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, ఇంగ్లండులోని పెక్కు కర్మాగారముల మరలను సేకరించి, పరిశీలించి, 55 డిగ్రీల కోణము గల మరనే దేశమంతట వాడవలెనని 1841లో ప్రతిపాదించెను. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ కోయుటకు సులభమైన 60 డిగ్రీల కోణమును సూచించెను. 1898లో జూరిచ్‌లో కూడిన అంతర్జాతీయ సభ మీటరు కొలతల మరకు సైతము ఆ కోణమునే గ్రహించెను. రెండవ ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యముల యంత్రభాగములు ఒండొంటికి పొసగక కలిగిన యిక్కట్ల ఫలితముగా, 1948లో బ్రిటన్, అమెరికా, కెనడాలు అంగుళపు కొలతలలో ఉమ్మడి మరను అంగీకరించినవి.

మోరిస్ ఆక్స్‌ఫర్డును అనుసరించి తయారైన మన అంబాసిడరుకు ఈ అంగుళపు మరయే సంక్రమించినది. తరువాత మారుతితో మిల్లీమీటర్ల మర ఇంటింటికి వచ్చినది. ఈ రెండింటి సంధికాలమున షెడ్డులలో జరిగిన నష్టము చిన్నది కాదు. 5/16 అంగుళపు స్టడ్డు, అనగా తలలేని బోల్టు, మందము 7.94 మిల్లీమీటర్లు; చూపునకు 8 మిల్లీమీటర్ల దానికిని దీనికిని భేదము కానరాదు. కాని మొదటిదానిలో అంగుళమునకు 24 చుట్లు. రెండవదానిలో చుట్టుకు చుట్టుకు నడుమ 1.25 మిల్లీమీటర్ల ఎడము. మొదటిదానిమీద రెండవదాని నట్టు ఒకటి రెండు చుట్లు సుఖముగా ఎక్కి, పిమ్మట బిగిసిపోవును. బలముగా త్రిప్పినచో మర చెడును. అరంగుళపు పానా పట్టవలసిన నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా వేసినను అట్లే, తుప్పు పట్టిన మూలలు అరిగి గుండ్రనగును.

ఇక వేడిమి సంగతి. ఇంజను పూర్తి భారముతో నడచునపుడు ఇంజనునకు తగిలియుండు మొదటి గొట్టమగు మానిఫోల్డులోని పొగ 700 డిగ్రీల సెంటిగ్రేడును మించును. మామూలు నట్టుకు తుప్పురాకుండ పూయు జింకు 420 డిగ్రీలకే కరగును. పెట్రోలు మండినపుడు పుట్టు నీటియావిరియు, రోడ్డుమీది తడియు సోకగా నగ్నమైన ఇనుము తుప్పుగా మారును. ఆ తుప్పు ఇనుముకంటె హెచ్చు చోటాక్రమించును గనుక మరసందులన్నియు పూడి, నట్టు స్టడ్డుతో ఏకమగును. త్రిప్పినచో స్టడ్డు తెగి సిలిండరు హెడ్డులో నిలిచిపోవును. ఇత్తడికి తుప్పు లేదు. మెత్తనిది గనుక విధిలేనిచో తన మరనే పోగొట్టుకొని స్టడ్డును కాపాడును. ఆ మెత్తదనమునకు పరిహారముగా దానిని సాధారణ నట్టుకంటె పొడవుగా చేయుదురు.

రాగిపూత పూసిన ఉక్కు నట్టు దీనికి తమ్ముడే. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పునకు లొంగదని దానినే కోరువారు కలరు. కాని దాని మరలు రాపిడికి ఒండొంటితో అతుకుకొనును గనుక, వేడికి తట్టుకొను రాగి గ్రీజు పూయనిదే బిగింపరాదు. నైలాను కట్టుగల లాకు నట్టు ఇచట బొత్తిగా పనికిరాదు. ఇంజను ఊపునకు గొట్టము కొంచెము కదలవలసిన జాయింటులో స్ప్రింగు బోల్టులుండును. వానిని తీసి మామూలు బోల్టులతో గట్టిగా బిగించినచో, ఆ ఊపు గొట్టముమీదికే పోయి, వెల్డింగు వద్ద పగులు పుట్టును.