నిలకడ మీద తెలిసిన నిజం

కువైటులో ఉండే మనకు వార్త అంటే కాలక్షేపం కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటులో ప్రవేశించిన నాటినుంచి, లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఇళ్ళు చేరేవరకు, కడపలోనూ కోనసీమలోనూ మనవాళ్ళు రేడియో చుట్టూ, దినపత్రిక చుట్టూ కూర్చుని గడిపారు. ఆ పత్రికలో పరదేశపు వార్త చాలామటుకు వార్తాసంస్థ పంపినదే. కనుక ఆ సంస్థల వృత్తిధర్మాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాము.

వార్తాసంస్థ టోకు వర్తకుని వంటిది. పత్రికలు, రేడియో, టెలివిజన్ దాని వద్ద సరుకు కొని చిల్లరకు అమ్ముతాయి. టోకు బియ్యంలో రాయి కలిస్తే ఊరందరి కంచాల్లోనూ రాయి పడుతుంది. రాయిటర్ సంస్థ 1941లో, యుద్ధం మధ్యనే, ఏ పక్షం చేతిలోనూ పడరాదని నియమాలు రాసుకున్నది అందుకే. కువైట్ వార్తాసంస్థ 'కూనా' 1976లో ఏర్పడింది. అదే ఏడు, ఎమర్జెన్సీలో, మన దేశంలోని నాలుగు వార్తాసంస్థలను కలిపి 'సమాచార్' అని ఒక్కటి చేశారు. 1978లో మళ్ళీ విడదీశారు. ఒక నోటి మాటను సరిచూడడానికి రెండో నోరు ఉండాలని ఆ అనుభవం మనకు నేర్పింది.

ఇక కువైటు పేరుతోనే చరిత్రలో నిలిచిన ఉదంతం ఒకటి ఉంది. 1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, అమెరికా శాసనసభ్యుల మానవహక్కుల బృందం ఎదుట, నయీరా అనే పదిహేనేళ్ళ బాలిక కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి చల్లని నేలమీద వదిలేశారన్నది. ఇంటిపేరు చెప్పలేదు. కువైటులోని బంధువుల క్షేమంకోసం దాచామన్నారు. ఆ మాట లోకమంతా పాకింది. ఆమ్నెస్టీ సంస్థ కూడా నమ్మి ప్రకటించింది. 1991 జనవరి 12న అమెరికా సెనేటు 52–47 ఓట్లతో యుద్ధానికి అనుమతించినప్పుడు, కొందరు సభ్యులు ఈ కథనే ఉదహరించారు.

కువైటు విముక్తి తర్వాత విలేకరులు ఆసుపత్రులకు వెళ్ళి డాక్టర్లను అడిగితే ఆధారం దొరకలేదు. ఆమ్నెస్టీ తన మాట వెనక్కు తీసుకున్నది. ఆ బాలిక అమెరికాలోని కువైటు రాయబారి కుమార్తె అనీ, సాక్ష్యం వెనుక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ పనిచేసిందనీ 1992 జనవరిలో జాన్ మెకార్థర్ న్యూయార్క్ టైమ్స్‌లో బయటపెట్టాడు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసింది, కాని యుద్ధం ముగిశాక తెలిసింది. ఇందులో మరో అన్యాయం ఉన్నది. ఆక్రమణ కాలంలో కువైటు ప్రజలు పడిన హింస అబద్ధం కాదు. ఆరువందల పైచిలుకు మనుషులు కనబడకుండా పోయారు. కల్పించిన ఒక్క కథ, ఆ నిజమైన కన్నీళ్ళను కూడా లోకం అనుమానించేలా చేసింది.

అప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడే: ఈ అమ్మాయి ఎవరు? తానుగా చూసినవారు మరొకరున్నారా? ఈమెను ఇక్కడికి తెచ్చినదెవరు? పేరు దాచవలసి వస్తే దాచవచ్చు. కాని ఏ పక్షపు మనిషో దాచరాదు.

2020 జనవరి 8న, ఇరాన్ క్షిపణులు ఇరాక్‌లోని స్థావరాలపై పడిన రోజే, అమెరికా సేనలు మూడు రోజుల్లో కువైటు విడిచిపోతాయని కూనా ట్విట్టర్ ఖాతాలో కనిపించింది. మన ఇళ్ళలో ఎవరికి 1990 గుర్తుకు రాదు? తమ ఖాతాలో దుండగులు చొరబడ్డారనీ, ఆ వార్త అబద్ధమనీ కూనా ఆనాడే ప్రకటించింది. తప్పు ఎంత దూరం పోయిందో దిద్దుబాటు కూడా అంత దూరం, అంత వేగంగా పోవాలి. వార్తాసంస్థకు అదే పరువు.

ఇప్పుడు మన చేతుల్లోని ఫోన్లతో మనమూ చిన్నపాటి వార్తాసంస్థలమే. కనుక ఆ మూడు ప్రశ్నలూ అడగకుండా ఇంటికి ఏ మాటా పంపవద్దని పాఠక మిత్రులకు మా మనవి. అక్కడ ఒక తల్లి దాన్ని చదివి రాత్రంతా మేలుకుని ఉంటుంది.